కాలువలో పట్టిన సిక్లిడ్‌ని ఇంటి ట్యాంకులో పెంచడం: సౌత్ ఫ్లోరిడా నుంచి నా జవాబు

కాలువలోని సిక్లిడ్‌లని (తిలాపియాకి చుట్టాలైన, వేడి దేశాల మంచినీటి చేపలు) పట్టొచ్చు. చట్టం కూడా ఒప్పుకుంటుంది. మొదటి నెల గట్టెక్కించగలిగితే దుకాణంలో కొన్న చేపకంటే మొండిగా బతుకుతాయి. మీ మూడు ప్రశ్నలకీ జవాబు ఇదే. ఇబ్బంది వేరే చోట ఉంది, దాని గురించే ఎక్కువ రాస్తాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతి రెండు ముక్కల్లో: ప్రశ్న అడిగినవారు టెక్సస్ నుంచి ఈ మధ్యే ఇక్కడి బ్రోవర్డ్ కౌంటీకి మారారు. అపార్ట్‌మెంట్ వెనక కాలువలో రంగురంగుల చేపలు తిరుగుతున్నాయి. పదేళ్ల బాబు వాటిని పట్టి ఇంట్లో ఖాళీగా ఉన్న 40 గ్యాలన్ల ట్యాంకులో వేద్దామని గొడవ చేస్తున్నాడు. పట్టొచ్చా, తప్పు కాదా, బతుకుతాయా అని అడిగారు.

నేను పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పట్టడం పావుగంట పని. పెంచడం పదేళ్ల పని. ఒకసారి ఇంటికి తెచ్చిన చేపని మళ్లీ కాలువలో వదలడం ఇక్కడ నేరం. అది పుట్టి పెరిగిన కాలువే అయినా సరే, పర్మిట్ లేకుండా బయటి జాతి చేపని నీళ్లలో వదలకూడదు. గాలానికి పడ్డ చేపని అక్కడికక్కడే వదిలేయడం వేరు, బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాక వదలడం వేరు. అందుకే ఏ చేప, ఎంత సైజు అన్నది కాలువ గట్టు మీద కాదు, వెళ్లకముందే ఇంట్లో ట్యాంకు ముందు కూర్చుని తేల్చుకోవాలి.

అసలు ఇవన్నీ ఇక్కడికి ఎలా వచ్చాయంటే, చాలావరకు మనలాంటి వాళ్ల వల్లే. ఆస్కార్ అనే సిక్లిడ్‌ని 1950ల చివర్లో ఒక చేపల పెంపకందారు కావాలనే వదిలాడు. బ్లాక్ అకారా, ఆఫ్రికన్ జ్యువెల్‌ఫిష్ 1960ల నుంచి మయామీ చుట్టుపక్కల కాలువల్లో ఉన్నాయి. మాయన్ సిక్లిడ్ 1983లో ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో మొదటిసారి కనిపించింది, ఇప్పుడు అది లేని గుంట లేదు. ఒక్క పీకాక్ బాస్ మాత్రం దొంగదారిన రాలేదు. 1984లో ప్రభుత్వమే తెచ్చి వదిలింది, స్పాటెడ్ తిలాపియాని తింటుందని, గాలం వేసేవాళ్లకి సరదాగా ఉంటుందని.

ఇవి ఉత్తరానికి పెద్దగా పోలేకపోవడానికి కారణం చలి. పీకాక్ బాస్ నీళ్లు 15 డిగ్రీలకి దిగితే చచ్చిపోతుంది. 2010 జనవరి చలికి ఇక్కడ బయటి జాతి చేపలు కుప్పలుగా తేలాయి. అయినా అంతరించలేదు. ఇక్కడి కాలువల్ని సున్నపురాయిలో నిలువుగా, లోతుగా తవ్వారు కాబట్టి అడుగున భూగర్భజలం ఊరుతుంది, చలికాలంలోనూ అది గోరువెచ్చగా ఉంటుంది. చేపలు ఆ అడుగుకి చేరి ప్రాణం దక్కించుకుంటాయి. ఈ సంగతి మీ ట్యాంకుకీ పనికొస్తుంది. ఈ చేపలకి సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు అలవాటు. మన కుళాయి నీళ్లూ అదే రాతిపొరల్లోంచి వస్తాయి. పీహెచ్ మార్చే సీసాలు కొని డబ్బు తగలేయకండి.

ఇక చట్టం, చకచకా చెప్పేస్తాను. 16 నుంచి 64 ఏళ్ల వాళ్లకి సాధారణంగా మంచినీటి ఫిషింగ్ లైసెన్స్ కావాలి. రెసిడెంట్‌కి ఏడాదికి 17 డాలర్లు, బయటి రాష్ట్రం వాళ్లకి 47. కాబట్టి ముందు ఫ్లోరిడా డ్రైవర్ లైసెన్స్ తీసుకుని తర్వాత ఇది కొనండి. బాబుకి అక్కర్లేదు. కానీ "గాలం వాడిదే, నేను పట్టుకున్నానంతే" అన్న మాట ఆఫీసర్ దగ్గర చెల్లదు. తిలాపియాల జోలికి పోకండి, వాటిని ప్రాణంతో ఉంచుకోవడానికి వేరే నిబంధనలు ఉన్నాయి. పీకాక్ బాస్‌కి రోజుకి రెండే అన్న లెక్క ఉంది, అందులో 17 అంగుళాలు దాటింది ఒక్కటే ఉండాలి. అది ఎలాగూ ఇంట్లో పెంచే చేప కాదు. నేషనల్ పార్కు లోపల్నుంచి ఏ ప్రాణినీ బతికుండగా తేవద్దు. అపార్ట్‌మెంట్ వెనక ఉన్నది కాలువా, లేక కాంప్లెక్స్ వాళ్ల సొంత చెరువా అన్నది కూడా చూసుకోండి. సొంతదైతే లీజింగ్ ఆఫీసులో ఒక మాట అడగండి. నేను అడక్కుండా గాలం వేసినందుకు ఒకసారి పెద్ద ఉత్తరమే వచ్చింది, మా ఆవిడ దాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

ఏ చేప తేవాలి?

మీ బాబు కళ్లలో పడింది మాయన్ సిక్లిడే అయి ఉంటుందని నా అనుమానం. పసుపు, గోధుమ కలిసిన ఒంటి మీద నిలువు చారలు, గొంతు కింద ఎరుపు, తోక మొదట్లో నల్లటి చుక్క, దాని చుట్టూ నెమలికన్నులో ఉండే నీలపచ్చ వలయం. ఇక్కడి వాళ్లు అటామిక్ సన్‌ఫిష్ అంటారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ 40 గ్యాలన్లలో వద్దు. ఎనిమిది, పది అంగుళాలు పెరుగుతుంది. జత కట్టిందంటే ట్యాంకులో ఇంకో ప్రాణి మిగలదు. ఒక జతకి 75 గ్యాలన్లు కనీసం, నన్నడిగితే 125.

ఆస్కార్ పిల్లలు అరచేతిలో ముద్దుగా ఉంటాయి, ఏడాదిలో అడుగుకి దగ్గరపడతాయి. ఒక్కదానికే 75 గ్యాలన్లు కావాలి. పైగా కుక్కపిల్లలా మిమ్మల్ని గుర్తుపట్టి తిండి కోసం అద్దం దగ్గరికి వస్తుంది, అప్పుడిక వదిలించుకోవాలన్నా మనసు రాదు. మయామీ వైపు దొరికే మైడాస్ సిక్లిడ్ కూడా అంతే. హైదరాబాద్ షాపుల్లో వేలకు వేలు పెట్టి కొనే ఫ్లవర్‌హార్న్ ఉంది చూశారా, దాని ముత్తాతల్లో ఇదొకటి, కోపం అక్కణ్నుంచే వచ్చింది. జాగ్వార్ సిక్లిడ్ గురించి అసలు అడగొద్దు.

జ్యువెల్‌ఫిష్ మూడు, నాలుగు అంగుళాలే. గుడ్లు పెట్టే సమయంలో కుంకుమలా ఎర్రబడి ఒంటినిండా నీలి చుక్కలు మెరుస్తాయి. సైజు చూసి మోసపోవద్దు. నా దగ్గర ఒక జత రాత్రికి రాత్రి నాలుగు చేపల తోకలు కొరికేసింది. పొద్దున లేచి చూస్తే ఆ నాలుగూ హీటర్ వెనక ఒకదాని మీద ఒకటి నక్కి ఉన్నాయి, జత మాత్రం ట్యాంకు మధ్యలో రాజారాణుల్లా తిరుగుతోంది. మీ ట్యాంకులో జ్యువెల్‌ఫిష్ పెట్టాలంటే ఒక జత, ఇంకేమీ లేకుండా.

మీకు నేను చెప్పేది బ్లాక్ అకారా. అందంలో చివరి బెంచీ: బూడిద, ఆకుపచ్చ కలిసిన ఒళ్లు, పక్కన ఒక నల్ల మచ్చ, తోక మొదట్లో ఇంకోటి. ఎండ పడితే పొలుసుల అంచులు మెరుస్తాయి, అంతే. కానీ ఐదారు అంగుళాలకి ఆగుతుంది, సిక్లిడ్‌లలో కాస్త నెమ్మదస్తురాలు, ఏం పెట్టినా తింటుంది. పిల్లల్ని పెట్టినప్పుడు ఇద్దరూ కాపలా కాస్తారు. మీ బాబు అది చూశాడంటే ఇక నీలపచ్చ వలయం గుర్తుకురాదు. 40 గ్యాలన్లకి రెండు, మహా అయితే మూడు పిల్లలు తెచ్చుకోండి. పెద్ద చేపని తేవద్దు. కాలువలో ఏళ్ల తరబడి తిరిగింది నాలుగు అద్దాల మధ్య ముక్కు పగలగొట్టుకుంటుంది. రెండు అంగుళాల పిల్ల వారంలో సర్దుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. గట్టు పక్కన దొరికే గుండ్రటి చేపలన్నీ సిక్లిడ్‌లు కావు. బ్లూగిల్, వార్‌మౌత్ లాంటి సన్‌ఫిష్ జాతులు ఇక్కడి సొంత చేపలు, వాటిని వదిలేయాలి. కొత్తలో నేనూ వార్‌మౌత్ పిల్లని సిక్లిడ్ అనుకుని బకెట్లో వేసుకున్నాను. తేడా ముక్కులో ఉంటుంది. సిక్లిడ్‌కి ముక్కు రంధ్రం ఒక్కో పక్క ఒక్కటే. సన్‌ఫిష్‌కి ఒక్కో పక్క రెండు. రెండు అంగుళాల చేపలో చూడాలంటే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడాలి. ఒంటి పక్కన గీతలా ఉండే చుక్కల వరస సిక్లిడ్‌లో మధ్యలో తెగి కాస్త కిందనుంచి మళ్లీ మొదలవుతుంది, సన్‌ఫిష్‌లో తెగదు.

పట్టడం

పెద్ద రాడ్, రీల్ అక్కర్లేదు. సన్నటి కర్ర, ఆరడుగుల దారం, చిన్న బెండు, దొరికినంతలో అతి చిన్న గాలం చాలు. గాలానికి ఉండే వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. ఇది తప్పనిసరి. ముల్లు ఉంటే తీసేటప్పుడు నోరు చిరుగుతుంది, చిరిగిన చోట రెండో రోజుకి దూదిలాంటి బూజు పడుతుంది. ఎరగా వానపాము ముక్క పెట్టండి, కందిగింజంత. పెద్ద ముక్క పెడితే పెద్ద చేప వస్తుంది, మనకి వద్దన్నది అదే. బెండు కదలగానే ఎత్తేయాలి. మింగేదాకా ఆగితే గాలం గొంతులోకి దిగుతుంది, ఆ చేప బతకదు. చేతివల కూడా బాగా పనిచేస్తుంది: గట్టు అంచున గడ్డి నీళ్లలోకి వంగిన చోట కిందనుంచి పైకి ఒక్క ఊపులో తీస్తే పిల్లలు పడతాయి. వలల సైజుకి నియమాలు ఉన్నాయి, కొనేముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైటులో చూసుకోండి.

పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం చీకటిపడే వేళ వద్దు. ప్రతి కాలువలోనూ మొసలి జాతి అల్లిగేటర్ ఉందనే అనుకోవాలి. బాబుని నీటి అంచుకి రెండు బారల దూరంలో నిలబెట్టండి. బూట్లు వేసుకోండి. నేను మొదటిసారి హవాయి చెప్పులతో వెళ్లి ఫైర్ యాంట్స్ అనే కుట్టే చీమల పుట్ట మీద నిలబడ్డాను. బెండు వైపే చూస్తున్నాను, అది ఊగుతోంది, కాళ్లు మండుతున్నాయి, చేపని వదలబుద్ధి కాలేదు. వారం రోజులు సాక్స్ వేసుకోలేకపోయాను.

చేపని పొడి చేత్తో పట్టుకోకూడదు. ఒంటి మీది జిగురే దాని కవచం. చేయి తడుపుకుని పట్టుకోండి. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ వేసుకోండి, ట్యాంకులో చేయి పెట్టేటప్పుడు కూడా. చేపలనుంచి గాయంలోకి చేరే ఒక రకం బ్యాక్టీరియా ఉంది, అది పడితే నెలల తరబడి మందులు వాడాలి.

ఇంటికి తేవడం

నా చేపలు ఎక్కువ చచ్చింది కాలువలోనో ట్యాంకులోనో కాదు, కారులో. మొదటి ఏడాది ఆశకొద్దీ ఒకే ఐదు గ్యాలన్ల బకెట్లో ఏడు చేపలు వేసుకుని బయల్దేరాను. టర్న్‌పైక్ హైవే మీద యాక్సిడెంట్, గంటంబావు కదల్లేదు. ఇంటికొచ్చి మూత తీస్తే నాలుగు వెల్లకిలా తేలుతున్నాయి, మిగతావి పైన నోరు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. ఆక్సిజన్ అయిపోయింది, వాటి మలమూత్రాల అమ్మోనియా నిండిపోయింది. ఇప్పుడు బకెట్‌కి రెండు పిల్లలే వేస్తాను. మూతకి కన్నం పెట్టి బ్యాటరీ ఎయిర్ పంప్ గొట్టం దూరుస్తాను. వేసవిలో బకెట్ బదులు ఐస్ బాక్స్ వాడతాను, ఐస్ లేకుండా, ఎండకి నీళ్లు వేడెక్కకూడదని. ఆ పంప్ కొనడానికి వెనకాడకండి. 2017లో ఇర్మా తుఫానుకి మాకు నాలుగు రోజులు కరెంట్ లేదు, పెద్ద ట్యాంకులో చేపలు బతికింది దానివల్లే.

కాలువ నీళ్లు మీ ట్యాంకులో పోయొద్దు. నత్తలు, నాచు, మొక్కలు ఏవీ తేవద్దు. మిగిలిన నీళ్లు డ్రెయిన్‌లో కాదు, పచ్చిక మీద పారబోయండి.

మొదటి నెల

ఖాళీ ట్యాంకు అన్నారు కదా, ఇక్కడే ఆగండి. ఫిల్టర్ నడిచి, చిటికెడు చేపల మేత కుళ్లి వచ్చే అమ్మోనియాతో అందులో మంచి బ్యాక్టీరియా పెరిగి, అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ అనే విషం రెండూ పైకి లేచి మళ్లీ సున్నా చూపించేదాకా చేపని తేవద్దు. దానికి నాలుగైదు వారాలు పడుతుంది. బాబుకి ఆ టెస్ట్ కిట్ సీసాలు ఇచ్చి రోజూ రంగు రాయమనండి, ఎదురుచూడడం కాస్త తేలికవుతుంది.

మనవాళ్లకి ఒక అలవాటు ఉంది, నీళ్లు పట్టి రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోతుందని. హైదరాబాద్‌లో మా నాన్న అలాగే చేసేవాడు, అక్కడ చెల్లింది. ఇక్కడ చాలా చోట్ల క్లోరిన్ కాదు, క్లోరమిన్ కలుపుతారు. అది రాత్రంతా ఉంచినా పోదు. క్లోరమిన్‌కి కూడా పనిచేస్తుందని సీసా మీద రాసి ఉన్న కండిషనర్ (నీళ్లలో కలిపే మందు) వాడాలి.

అడవి చేప ఒంట్లో పురుగులు ఉంటాయి. ఉంటాయో లేదో కాదు, ఉంటాయి. మీ దగ్గర వేరే చేపలు లేవు కాబట్టి ఈ ట్యాంకే క్వారంటైన్ అనుకోండి, ఆరు వారాలపాటు ఇంకే చేపా కలపకండి. ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది ఇక్, నీళ్లని మెల్లగా 30 డిగ్రీలకి పెంచి మందు వేయండి. మొప్పలు ఒక పక్కే ఆడుతూ రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే ఫ్లూక్స్ అనే సన్న పురుగులు, వాటికి ప్రాజిక్వాంటెల్ మందు. వెనక రంధ్రంలోంచి ఎర్రటి దారపు పోగులు వేలాడితే కామలానస్ పురుగులు, వాటికి లెవమిసోల్. ఒంటి మీద ఆవగింజల్లా నల్ల చుక్కలు కనిపిస్తే మాత్రం టెన్షన్ వద్దు. ఆ పురుగు పెరగాలంటే నత్త, చేప, కొంగ మూడూ కావాలి. మీ హాల్లో కొంగ లేదు కదా.

వచ్చిన రెండు మూడు రోజులు ఏమీ తినదు. తినమని బలవంతం చేయకండి, లైట్ ఆపి, రెండు మట్టికుండ పెంకులు బోర్లించి వదిలేయండి. పెల్లెట్ (షాపులో దొరికే మేత గుళిక) అంటే దానికి ఏమిటో తెలియదు, నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. ముందు వానపాము ముక్క, తర్వాత ఫ్రోజెన్ రొయ్య సన్నగా తరిగి, ఆ రొయ్యలోనే పెల్లెట్ కలిపి. మూడో వారానికి పెల్లెట్ తినని చేపని నేను చూడలేదు. దుకాణంలో తిండికని అమ్మే చిన్న గోల్డ్‌ఫిష్ మాత్రం వేయకండి, రోగాలు వస్తాయి, వాటి మాంసంలో ఉండే ఒక ఎంజైమ్ బీ1 విటమిన్‌ని చంపేస్తుంది.

ఇక ముందు ముందు వద్దనిపిస్తే? ఉద్యోగం మారి ఊరు వదలాల్సి రావచ్చు, మనవాళ్లకి అది మామూలే. ఇక్కడి వన్యప్రాణి శాఖ వాళ్లు ఎగ్జాటిక్ పెట్ అమ్నెస్టీ అని ఒక ఏర్పాటు నడుపుతారు, చేపల్ని కూడా తీసుకుంటారు, జరిమానా, ప్రశ్నలు ఉండవు. చేపల క్లబ్బులు, కొన్ని దుకాణాలు కూడా తీసుకుంటాయి. ఇంకో దారి కూడా ఉంది, బాబు ముందు చదవకండి: గాలానికి పెద్ద మాయన్ పడితే మా అత్తగారు వచ్చినప్పుడు పులుసు పెట్టారు. ముళ్లు ఉన్నాయి కానీ మాంసం తెల్లగా, గట్టిగా, రుచి బాగుంది. అయితే ఎవర్‌గ్లేడ్స్ వైపు చేపల్లో పాదరసం గురించి రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఉన్నాయి, ఎక్కడ పట్టింది ఎంత తినొచ్చో చూసుకునే వండుకోండి. మందులు వేసిన ట్యాంకు చేపని మాత్రం ఎప్పుడూ తినొద్దు.

ఈ వారం ట్యాంకులో నీళ్లు నింపి, చిటికెడు మేత వేసి ఫిల్టర్ ఆన్ చేయండి. నెల తర్వాత ఒక శనివారం పొద్దున వెళ్లి, పట్టిన చేపని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పక్కనుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ముక్కు కనిపించేలా తీయండి. రెండు రంధ్రాలు ఉంటే బాబు ఎంత ఏడ్చినా అక్కడే వదిలేసి రండి.